తట్టి చూడమన్న ఛాతీ

మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు. చూసింది చూసినట్టు చెబుతున్నాను. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం.

మా అన్నయ్యకు ఛాతీ ఎముకల్లో గడ్డ లేచింది. దానితో పాటు పక్కటెముకలు కొన్ని కోసేసి, వాటి చోట టైటానియం పలక పెట్టి స్క్రూలు బిగించారు. "కుదురుకునే దాకా దాని మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వొద్దు. స్క్రూలు కదిలితే ప్రాణం మీదికొస్తుంది" అన్నాడు డాక్టరు. వింటే మా అన్నయ్య ఎందుకవుతాడు? చూడవచ్చిన ప్రతివాళ్ళ చేతా తట్టించాడు.

"తట్టు బావా, భయపడకు! మా ఇంటి తలుపు కూడా ఇంత గట్టిది కాదు."

మా ఆయన వేలితో తట్టి, "లోపల ఎవరూ ఉన్నట్టు లేరే!" అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ సంగతి నాకెప్పుడో తెలుసు.

పుట్టింటి నుంచి ఆలస్యంగా వచ్చిందని వదినకు వానలో తలుపు తియ్యని మనిషి. తెల్లారేదాకా తట్టిందట. "గడియ తీస్తే నా మాటకు విలువేముంటుంది?" అని తనే గొప్పగా చెప్పుకునేవాడు. ఆ వానకు పట్టిన జ్వరంతోనే వదిన పోయింది. దేవుడు క్షమించాడేమో. నేను ఆయనంత పెద్దదాన్ని కాను.

ఆ మంగళవారం మధ్యాహ్నం అన్నయ్య కొడుకూ కోడలూ పనికి వెళ్ళారు. నేను మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసుకుంటున్నాను. మబ్బు కమ్మి గది మసకబారింది. కరెంటు పోయింది. మందుల కంపు. దాని అడుగున ఎక్కడో... తడి జుట్టు వాసన.

టక్ టక్... టక్.

గుమ్మం వైపు చూశాను. ఎవరూ లేరు.

టక్ టక్... టక్.

మంచం మీంచి. అన్నయ్య చేతులు రెండూ పక్కలకే ఉన్నాయి. ఛాతీ మీది దుప్పటి మాత్రం వేలి కణుపంత లోపలికి నొక్కుకుని... లేచింది.

రెండు తట్టి, ఆగి, ఒకటి. మా ఇంటికి వచ్చినప్పుడల్లా వదిన అలాగే తట్టేది.

"చెల్లీ... ఎవరే?"

"నీకు తెలీదూ?"

"పొమ్మనవే. నువ్వు చెబితే వింటుంది."

"తలుపు నీది. నన్నడుగుతావేం?"

దెబ్బలు పెరిగాయి. పలక కిర్రుమంది. ఊపిరందక పెదాలు నీలమయ్యాయి. మాటకు విలువున్న మగాడు పక్క తడుపుకున్నాడు. జాలి వెయ్యలేదు నాకు. అయినా ప్రాణం కదా.

"ఒక్కసారి రమ్మను అన్నయ్యా" అన్నాను, మెల్లగా.

"రా..." అన్నాడు. "రావే... లోపలికి రా."

చప్పుడు ఆగింది. దుప్పటి సర్దుకుంది. పెదాల నీలం తగ్గింది. గండం గడిచిందనుకున్నాను.

అప్పుడు పలక వెనక నుంచి... సన్నగా... ఏదో తిప్పి బిగిస్తున్న చప్పుడు.

మర్నాడు పొద్దున్నే అందరం కలిసి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు ఎక్స్‌రేను దీపానికేసి పట్టి చాలాసేపు చూశాడు.

"ఏదీ కదల్లేదమ్మా. ఇంకా గట్టిపడింది. కానీ నేను పైనుంచి బిగించిన స్క్రూలు ఇవి... వీటి తలలు లోపలి వైపుకు ఉన్నాయేమిటి?"

"మళ్ళీ తియ్యొచ్చా?" అన్నాడు కొడుకు.

"బయటి నుంచి వీలు కాదు."

అన్నయ్యను ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టాం.