ఏడో మేకు మంచితనం

ఆ కాలంలో కరెంటు పోతే జనం “సూర్యుడు ట్రిప్పయ్యాడు” అనుకుని విసనకర్ర అందుకునేవాళ్లు. సూర్యుడంటే పైనున్నవాడు కాదు, భీమిలి ఒడ్డున మనుషులు వెలిగించుకున్న సంలీన కొలిమి.

హైడ్రోజన్ కేంద్రకాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతే పుట్టే ఆ మంటను ఏ పాత్రా పట్టలేదు. చుట్టూ ఉన్న అయస్కాంతాలే దాన్ని శూన్యంలో నిలబెడతాయి. కరెంటు ఎక్కగానే అవి సినిమాహాలు గేటు దగ్గర జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటాయి. వాటిని కదలనివ్వకుండా పట్టేవి ఉక్కు ఆసరాలు, ఆ ఆసరాలను పట్టేవి బోల్టులు.

డాక్టర్ తురగా మందాకిని ఆ బోల్టులకు నోరు పెట్టింది. ఒక్కోదాని కడుపులో వెంట్రుకంత గాజుపోగు, ఆవగింజంత బుర్ర. బోల్టు ఎంత సాగిందో పోగు కొలుస్తుంది, బుర్ర దాన్ని మాటల్లో చెబుతుంది. వాటికి ‘పలుకుమేకులు’ అని తనే పేరు పెట్టింది. భాష రావాలని వాటిని కొన్ని నెలలు వర్క్‌షాపు బల్లల మీదే ఉంచింది. అక్కడే వచ్చింది చిక్కంతా.

పరీక్షరోజు, పలుకుమేకులతో బిగించిన ఒక ఆసరా ముందు తనిఖీ అధికారి ఎలీషా గారు వచ్చి కూర్చున్నాడు. ఆయన మాటలు నాన్చే మనిషి కాదు. ఈ ఆసరా పూర్తి లోడు తట్టుకోవాలనీ, లోపల ఏం జరుగుతోందో మేకులు నిజం చెప్పాలనీ, లేదంటే నోరున్న మేకులన్నీ పాతసామాన్ల కొట్టుకేననీ ముందే చెప్పేశాడు. మందాకిని ఏళ్లతరబడి చేసిన పని ఒక్క పూటలో తేలిపోవాలి.

ఆమె సహాయకుడు బెహరా సింహాద్రి హైడ్రాలిక్ జాకీతో ఆసరాను తోయడం మొదలెట్టాడు. లోడు సగం దాటింది. ఎలా ఉన్నారని మందాకిని అడిగితే మేకులన్నీ ఒక్క గొంతుతో “పర్లేదండి” అన్నాయి. ముప్పావు దాటాక ఆసరా కిర్రుమంది, లోపలెక్కడో టక్కుమంది. మళ్లీ అడిగితే మళ్లీ అదే “పర్లేదండి”.

మందాకిని తల పట్టుకుంది. వర్క్‌షాపులో నూటమూడు జ్వరంతో వచ్చినవాడూ, నడుం పట్టేసినవాడూ, పెళ్లాంతో గొడవపడి వచ్చినవాడూ, అడిగితే అందరూ అనేది ఆ ఒక్క మాటే. మేకులు నేర్చింది కూడా అదే.

ఎలీషా గారు పెన్ను తీశాడు. సింహాద్రికి ఏం తోచిందో, మూడో మేకు దగ్గరికి వంగి, నీ సంగతి వదిలెయ్, పక్కోడి సంగతేంటని అడిగాడు.

మేకు గొంతు తగ్గించింది. “నాను సెప్పకూడదు గానండి, ఆ నాలుగోడు పొద్దున్నుంచీ వదులుగానే కూకున్నాడు. ఆడి బరువూ నానే మోస్తన్నాను.”

ఇంకేముంది, వరసగా నోళ్లు లేచాయి. నాలుగోది మూడోదాన్ని బద్ధకస్తుడంది. ఐదోది ఆరోదాని మర అరిగిపోయిందంది. బరువులో సగానికి పైగా తనదేనంది నోరెత్తిన ప్రతి మేకూ. సింహాద్రి ఆ లెక్కలు కూడితే జాకీ ఇచ్చిన లోడుకి నాలుగింతలు తేలింది. ఎలీషా గారు ఫక్కున నవ్వాడు. మందాకినికి ఏడుపొచ్చింది.

చివరికి ఏడోదాని గురించి అడిగారు. ఆరోది, “ఆడు మంచోడండి, పాపం” అంది. ఎనిమిదోది కూడా, “ఒకర్నొక మాటన్నోడు కాదండి. అలాటోడు మళ్లీ దొరకడు” అంది.

మందాకిని జాకీ ఆపేయమని కేక పెట్టింది. లోడు దింపి విప్పి చూస్తే, ఏడో మేకు మెడ దగ్గర రెండు ముక్కలై ఉంది. అందరూ ఒక్క గొంతుతో పలుకుతుంటే అందులో ఒక గొంతు తక్కువైందని ఎవరికీ తెలియలేదు. ఇంకొంచెం తోసి ఉంటే ఆసరా మొత్తం ఊడి వాళ్ల మీదే పడేది.

“నీకెలా తెలిసిందమ్మా?” ఎలీషా గారు ఆ ముక్కల్ని చేతిలోకి తీసుకుని అడిగాడు.

“దాన్ని ఒక్కరూ చెడ్డగా అనలేదు సార్. బతికున్నవాణ్ణి మనవాళ్లు అలా వదుల్తారా?”

ఆయన ఆసరాను మళ్లీ పరీక్షించాలనీ, తిప్పి చెప్పినా నిజమే చెప్పాయి కాబట్టి పలుకుమేకులకు మాత్రం ఒప్పుకుంటున్నాననీ చెప్పాడు. పోతూ పోతూ, ఈవిడ దగ్గర పనెలా ఉంటుందని సింహాద్రిని మాటవరసకి అడిగాడు.

“మేడమా? చాలా మంచి మనిషండి, పాపం” అన్నాడు సింహాద్రి.

మందాకిని ఎందుకైనా మంచిదని తన నాడి చూసుకుంది.