చిలకల తోటలో గరుడ

"ఏజెంట్ తొమ్మిది, నీకు ఆరు గంటలే టైముంది."

చీఫ్ ఆదిశేషయ్య బల్ల మీద డ్రాయింగ్ పరిచినాడు. హోసూరు బస్టాండు వెనక, సైకిల్ షాపు పైగది. 1986 మే నెల. కరెంటు లేదు.

"ఇది గరుడ. మన కొత్త ఫైటర్. త్రికోణం రెక్క. పొద్దున శత్రు విమానాన్ని కూలుస్తుంది. రెక్కల కింద సామాను మారిస్తే మధ్యాహ్నం బాంబులేస్తుంది, సాయంత్రం ఫోటోలు తీసుకొస్తుంది. ఒకటే విమానం, మూడు పనులు."

"నా మాదిరే సార్," అన్నాడు కేశవులు.

చీఫ్ డ్రాయింగ్ పక్కన ఒక చార్టు పెట్టినాడు. "దీన్ని కావాలనే నిలకడ లేకుండా డిజైన్ చేసినారు. అప్పుడే గాల్లో చురుగ్గా తిరుగుతుంది. కానీ పైలట్ చేతికి లొంగదు, క్షణక్షణం కంప్యూటర్ సరిదిద్దుతా ఉండాల. ఏ కోణం దాటితే కంప్యూటర్ కూడా చేతులెత్తేస్తుందో ఈ చార్టులో ఉంది. అది తెలిస్తే శత్రువు మన పైలట్‌ను సరిగ్గా ఆ కోణంలోకే తరిమి చంపుతాడు."

"చార్టు ఈడే ఉంది కదా?"

"పొద్దున దాన్ని ఎవరో ఫోటో తీసినారు. ఇంకా కడగని ఫిల్మ్. వేప్పనపల్లి తోటలో మామిడి గంపలో పెట్టి సామల్పట్టి స్టేషన్‌కు, ఆడినుంచి మద్రాసు, ఆపైన ఓడ. తోటలో మన మనిషి ఉంటుంది. కోడ్ చెప్పు, సాయం చేస్తుంది."

"జీపు?"

"డీజిల్ సాంక్షన్ కాలేదు."

"పిస్తోలు?"

"ఫైలు ఢిల్లీలో ఉంది."

ఇచ్చింది ఒక పెన్ను. అందులో రేడియో. రేంజ్ రెండు ఫర్లాంగులు. వేప్పనపల్లి ఎంత దూరమో చీఫ్‌కు తెలియక కాదు.

మండీ వ్యాపారి వేషంలో కేశవులు బస్సెక్కినాడు. కృష్ణగిరిలో బస్సు మారేసరికి అంటించిన మీసం చెమటకు సగం ఊడింది.

తోట షెడ్డులో ఒకామె. నల్ల కళ్లద్దాలు, షిఫాన్ చీర, సెంటు వాసన. గరుడ డ్రాయింగ్ ఆఫీసులో ఆమె పేరు వెంకటలక్ష్మమ్మ, క్లబ్బులో లక్కీ.

"చిలకలు కొడుతున్నాయామ్మా?" కేశవులు కోడ్ చెప్పినాడు.

"కొట్టేదానికి కాయ యాడుందప్పా?"

సరైన జవాబు. కేశవులు ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె పిస్తోలు తీసింది.

"నువ్వా! రెండు పక్కలా పనిచేస్తావా?"

"ఒక పక్కోళ్లు సరిగ్గా చూసుకునుంటే రెండో పక్కకు ఎందుకు పోతానప్పా?"

కేశవులు తలుపు పక్క చూసినాడు. లారీ డ్రైవర్ వచ్చి అతణ్ని స్తంభానికి కట్టేసి, నోట్లో తువ్వాలు కుక్కినాడు. అతని కళ్లముందే లక్కీ ఒక చిన్న డబ్బీని గంప అడుగున దోపి, పైన కాయలు పేర్చి, లారీని వెనక్కి పెట్టించేదానికి పోయింది. పెన్ను జేబులో ఉంది. చేతులు వెనక ఉన్నాయి.

అప్పుడు బసవమ్మ వచ్చింది. నలభై ఏండ్లుగా ఆ తోటలో గంపలు కట్టే మనిషి. ఒక్క కాయ నలిగినా మద్రాసు మండీలో తోట పేరు పోతుందని, పరాయి చేయి కట్టిన గంపను విప్పి మళ్లీ కట్టకుండా పంపదు.

"ఎవురే దీన్ని కట్టింది? కింద గడ్డే లేదు!" గంప బోర్లించింది. డబ్బీ దొర్లింది.

కేశవులు స్తంభం ఊగేలా మూలిగినాడు.

"గమ్మునుండప్పా! పట్టపగలే తాగొచ్చి కట్టేయించుకున్నావు, సిగ్గులేదా?"

మూత తీసి, లోపలి రీలును రొంటిన దోపుకుంది. ఖాళీ డబ్బీలో తన సున్నం వేసుకుని, దాన్నీ దోపుకుంది. గడ్డి పరిచి, కాయలు సర్ది, గంప కట్టేసి పక్కకు జరిగింది.

లక్కీ తిరిగొచ్చింది. గంప చూసి ఆగింది. గడ్డిలోకి చెయ్యి పెట్టింది. మణికట్టు మునిగింది. మోచేయి మునుగుతోంది. డబ్బీ లేదని తెలిసిందంటే తనకొక గుండు, ముసలామెకొక గుండు. కేశవులు కళ్లు మూసుకున్నాడు. అంతకంటే చేసేదానికి ఏమీ లేదు.

లారీ హారన్ మోగింది. "యమ్మా! రైల్వే గేటు వేసేస్తే రైలు దొరకదు!"

లక్కీ చెయ్యి వెనక్కి తీసింది. గంప లారీ ఎక్కింది. దుమ్ము లేచింది.

బసవమ్మ బయటికి పోయి ఎండలో నిలబడి రీలు లాగింది. మూరెడు, రెండు మూరలు, మూడున్నర. ముప్పై ఆరు ఫోటోలు, ఒక దేశం రహస్యం, వెలుతురు సోకి క్షణంలో మసైపోయినాయి. ఆ నల్ల రిబ్బన్‌ను రెండు చెట్ల కొమ్మల మధ్య లాగి కట్టింది. గాలికి అది తళతళమంటూ జుమ్మంది. కొమ్మల్లోని చిలకలు అరుస్తా లేచిపోయినాయి.

తర్వాత వచ్చి కట్లు విప్పింది. "ఇంకోసారి తాగొద్దు నాయనా. పెండ్లాం బిడ్డలుంటారు."

లక్కీ దొరకలేదు. రిపోర్టు ఆదిశేషయ్య రాసినాడు, మెడల్ ఆదిశేషయ్యకే వచ్చింది. కేశవులుకు అంచెట్టికి ట్రాన్స్‌ఫర్ వచ్చింది. ఆడికి బస్సు దినానికి ఒకటే. బసవమ్మకు ఏమీ రాలేదు, సున్నం డబ్బీ తప్ప.

గరుడ ఈ పొద్దుకూ కాగితం దాటలేదు. ఇంజన్ రావాలంట. అయినా వేప్పనపల్లిలో దాన్ని చూసి చిలకలు మాత్రం ఎగిరిపోతానే ఉన్నాయి.