వేరును విడవని మన్ను

“బాసికాలు తెస్తదట!”

ఫోను పెట్టేసి సమ్మవ్వ వేసిన కేకకు నర్సింహులపేటలో ఆ వాడంతా వాకిట్లోకి వచ్చింది. పెళ్లిలో నుదుట కట్టే బాసికాలను ఒక ఆడపిల్ల ఫోన్ చేసి మరీ తెస్తానందంటే, మనవడు ధీరజ్ వ్యవహారం ఎంతదాకా వచ్చిందో వేరే చెప్పాలా?

“ఎవలే ఆ పిల్ల?” అని పక్కింటావిడ అడిగింది.

“జనగామల నౌకరట. పేరు మేఘన. ‘రేపు పొద్దుగాల తెస్తున్న, ధీరజ్ ఒప్పుకున్నడు’ అన్నది. మా వోడు చూడు, నోట్లెకెల్లి ఒక్క మాట రానియ్యలే!”

ధీరజ్ ఆ సమయానికి మిరప నారుమడి దగ్గరున్నాడు. ఫోన్ ఇంట్లో, తాను చేలో. అలా అతనికి తెలియకుండానే పెళ్లి కుదిరిపోయింది.

మర్నాడు బస్సు దిగి వచ్చిన మేఘనకు వాకిట్లో పెద్ద ముగ్గు, గడపకు పసుపు, అరుగు మీద పట్టుచీరల్లో ముత్తయిదువలు కనిపించారు.

“ఇంట్ల ఫంక్షన్ ఉన్నట్టుంది. మళ్ల వస్త.”

“నీకోసమే బిడ్డా! తెచ్చినవా? ఏవీ, చూపియ్యి.”

మేఘన సంచిలోంచి సీసా తీసింది. అందులో మట్టిరంగు నీళ్లు.

“గివేంది?”

“బాసిల్లస్, అవ్వా. మట్టిల ఉండె మంచి పురుగులు. కంటికి కనపడయి.”

“పురుగులా!” పట్టుచీరలన్నీ ఒక్కసారిగా గోడకు అంటుకున్నాయి.

సరిగ్గా అప్పుడే బురద కాళ్లతో ధీరజ్ వచ్చాడు. నుదుటికి కట్టేదేదో, వేరుకు పట్టేదేదో తేలడానికి కాసేపు పట్టింది. అవ్వ నీరసంగా అరుగు మీద కూలబడింది.

“అసలు మీరెవరండి? నేనెప్పుడు ఒప్పుకున్న?”

“మొన్న మా ఆఫీసోళ్లు పెట్టిన రైతుల మీటింగ్‌ల. ‘మీ చేన్ల ట్రయల్ ఎవరు పెడ్తరు’ అంటె మీరొక్కరే చెయ్యి లేపిండ్రు.”

“నేను లేపింది చాయ్ కోసం!”

మేఘన మొహం ఎర్రబడింది. అక్కడ పండు మిరప ఏదీ లేదు కానీ, ఉంటే సిగ్గుపడేది.

“సరే. వాపస్ పోత.”

“ఆగుండ్రి. మీ పురుగులేం జేస్తయో చెప్పి పోండ్రి. తెల్వకపోతె నాకు నిద్ర రాదు.”

ఆమె సంచి కింద పెట్టింది. “వేరు చుట్టు చేరి బంక లెక్క తయారుచేస్తయి. బంక మన్నును పట్టుకుంటది. మన్ను తడిని పట్టుకుంటది. ఎండ కొట్టినా మొక్క జర ఆగుతది.”

“అంటె వాన పడకున్నా నడుస్తదా?”

“వానకు బదులు కాదు. వాన వచ్చెదాక ఓపిక ఇస్తది.”

“మా ఇంట్ల ఓపిక నా పేర్లనే ఉంది, ఇంకెవల్ల కాడ లేదు” అన్నాడు ధీరజ్. ఆమె నవ్వింది. ఆ నవ్వుకు అతను చేయి లేపకుండానే ఒప్పుకున్నాడు.

ఒప్పందం తేలికైనదే. తోటలో సగం నారును బాసిల్లస్ నీళ్లలో వేర్లు ముంచి నాటాలి. మిగతా సగం మామూలుగా నాటాలి. బోరులో ఉన్న కొన్ని నీళ్లు రెండు సగాలకూ సమానంగా పారాలి. సైన్సులో మామూలు సగాన్ని కంట్రోల్ అంటారు. ధీరజ్ మనసులో మాత్రం కంట్రోల్ అనే సగమే మిగల్లేదు.

“దసరా ముంగట మా ఆఫీసర్ దయాకర్ సార్ వచ్చి చూస్తడు. రెండు దిక్కుల ఫరక్ కనపడితే వచ్చే ఏడు మీ మండలమంత ఇస్తం” అంది మేఘన. “కనపడకపోతే ఈడ పని బందు. నన్ను భూపాలపల్లి దిక్కు టేకుమట్లకు పంపుతరు.”

“టేకుమట్లకేమైంది?”

“ఏం కాలే. మా ఊరే. పోతే మా అమ్మ రోజుకో సంబంధం చూపిస్తది.”

ఆ క్షణం నుంచి ఆ ట్రయల్ గెలవాలని ఆమె కంటే ఎక్కువగా ధీరజ్ కోరుకున్నాడు.

నాటు రోజున మేఘన పెద్ద పీపాలో నీళ్లు పోసి, బెల్లం కరిగించి, సీసాలు ఒంపింది. బెల్లం పురుగులకు మేత. సాయంత్రానికి నాట్లు అయిపోయాయి. ధీరజ్ ఆమెను బైకు మీద రైలుకు దింపి వచ్చాడు.

ఇక అప్పట్నుంచి వారం వారం మేఘన వచ్చేది, మేఘమే వచ్చేది కాదు. ఒకటి దక్కినవాడికి రెండోది లేదని ఏడవడం న్యాయం కాదు గానీ, మిరప మొక్కకు ఆ న్యాయం తెలియదు.

“ఆకులు లెక్కవెడ్తున్నవా, నన్ను చూస్తున్నవా?”

“రెండిట్ల ఏది వాడిపోలేదో చూస్తున్న.”

“మాటలకైతె నీళ్లు బాగనే పారుతున్నయి!”

గట్టుకు అవతల గోప్యా చేను. తండా మనిషి. ఆయన ఇక్కడి నారే తీసుకుని, అదే రోజు నాటి, అన్నే నీళ్లు పెట్టాడు. ఎండ ముదిరేసరికి ఆ మొక్కలు మధ్యాహ్నానికల్లా తలలు వాల్చేసేవి.

సారు వచ్చే ముందు రోజు మేఘన తోటంతా తిరిగింది. గట్టు వారన రెండు సాళ్లు తప్ప రెండు సగాలూ పచ్చగా, ఒకే తీరుగా నిలబడి ఉన్నాయి. ఆమె కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

“మామూలు దిక్కు దొంగనీళ్లు పెట్టినవ్.”

“నేనా? లేదు మేఘనా.”

“మరి కంట్రోల్ గిట్ల ఎట్లుంటది? నీ పంట ఆగమైతదని భయపడ్డవ్. నాకొక్క మాట చెప్తె ఏం పోయె?”

“నిజంగ పెట్టలే.”

“రేపు సార్ ముంగట ఏం చెప్పాలె? నా మందు పని చెయ్యలేదని చెప్పాల్నా, నా మనిషి మాట నిలబెట్టుకోలేదని చెప్పాల్నా?”

‘నా మనిషి’ అన్న మాట తన నోటి నుంచి వచ్చిందని గమనించి ఆమె ఇంకా కోపంగా వెళ్లిపోయింది. ధీరజ్ ఫోన్ చేస్తే ఎత్తలేదు.

తెల్లారగానే అతను తోటకు వెళ్లాడు. నీళ్లు పెట్టలేదన్నది అతనికి తెలుసు. మరి మొక్కలకు ఏం తెలుసు? ముంచి నాటిన సగంలో ఒక మొక్క పీకాడు. వేరుకు మన్ను చొక్కా తొడిగినట్టు అంటుకుని ఉంది. మామూలు సగంలో పీకాడు. దానికీ అదే చొక్కా! గట్టు దాటి గోప్యాను అడిగి ఒకటి పీకాడు. వేరు కడిగినట్టు తెల్లగా వచ్చింది. పైకి అన్నీ మిరపలే. వేరు చూస్తే గానీ ఏది వేరో తెలియలేదు.

మధ్యాహ్నం ఎండలో దయాకర్ సార్, ఊరి రైతులు, ముఖం ముడుచుకున్న మేఘన వచ్చేసరికి ధీరజ్ మూడు మొక్కలు పట్టుకుని నిలబడ్డాడు.

“సార్, నీళ్లు పెడ్తె మన్ను గిట్ల వేరును పట్టుకుంటదా?”

సారు వేర్లు దగ్గరగా చూశాడు. “నీళ్లతోని గాదు. బాసిల్లస్ రెండు దిక్కుల చేరింది. ఎవరు పోసిండ్రు?”

సమ్మవ్వ కొంగు సర్దుకుని ముందుకు వచ్చింది.

“నేనే పోసిన. అయితేంది? పీపల బెల్లం నీళ్లు మిగిలినయి. తీపి నీళ్లు కాళ్లతోని తొక్కెకాడ పారబోస్తమా? ఒక్క మడిల పెరిగిన నారాయె. సగం పిల్లలకు బువ్వ పెట్టి, సగం పిల్లల పస్తులుంచుడు యాడి పద్ధతి? చెంబుతోని అన్నిటికి పోసిన. గట్టు పొంటి రెండు సాళ్లకు సాలలే, గంతే.”

అందరి తలలూ గట్టు వైపు తిరిగాయి. ఆ రెండు సాళ్లూ గోప్యా చేలోని మొక్కల్లాగే తలలు వాల్చి ఉన్నాయి.

దయాకర్ సార్ గట్టిగా నవ్వేశాడు. “ట్రయల్ ఖరాబైంది, మందు పాసైంది! కాని రెండు సాళ్లు చూసి మండలమంత ఇయ్యలేం. ఇంకో ఏడు ఈడనే సరిగ చెయ్యాలె. అవును, అవ్వ గింత పని చేస్తుంటె మీరిద్దరు యాడికి పోయిండ్రు?”

“నన్ను రైలుకు దింపనీకి పోయిండు సార్” అంది మేఘన.

“దగ్గరి టేషన్ మానుకోటనే గద, పోయి వచ్చుడెంతసేపు?” అన్నాడు గోప్యా.

“డోర్నకల్ పోయినం అన్నా. ఆ బండి మానుకోటల ఆగదట.”

చేనంతా ఘొల్లుమంది. “ఆగని బండి యాడిది తల్లీ! నువ్వెక్కే బండి డోర్నకల్ దాటినంక ముందుగాల ఆగేదే మానుకోటల!”

మేఘన ధీరజ్ వైపు తిరిగింది. “అబద్ధం చెప్పినవా?”

“నీళ్ల సంగతిల చెప్పలే. రైలు సంగతిల చెప్పిన.”

“ఎందుకు?”

“డోర్నకల్ దూరం.”

ఆమె అతని చేతిలోని మొక్క వేరుకు పట్టిన మన్నును వేళ్లతో తడిమింది. అది రాలలేదు.

“నిన్న నిన్ను దొంగ అన్న. గిందరి ముంగట చెప్తున్న, మాఫ్ చెయ్యి” అని, సారు వైపు చూసి గొంతు సవరించుకుంది. “వచ్చే ఏడు ట్రయల్ ఖరాబు గాదు సార్. నాటు రోజు అవ్వను నేనే చూస్కుంట. అప్పటికి వీళ్ల ఇంట్లనే ఉంట గద.”

సారు తల గోక్కున్నాడు. “ఇక్కడ రూమా? కిరాయి ఆఫీస్ ఇయ్యదమ్మా.”

రైతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ధీరజ్ చేతిలోని మొక్కలు కింద పడ్డాయి. గోప్యా గట్టెక్కి, అటు తండాకూ ఇటు ఊరికీ వినపడేలా చెప్పాడు:

“కిరాయి గాదు సార్! పిల్ల మన ధీరజ్‌ను చేస్కుంటనంటున్నది!”