పంజరానికి అంటించిన కాగితం

మంచు ఇంకా కాఫీ మొక్కలను విడవక ముందే ఆ ఇంట్లో పోరు మొదలైంది. అనంతగిరి దగ్గరి ఆ ఇల్లు కోడలు మాధవి పుట్టింటివారి నేలమీద కట్టినది. భర్త పోయాక, మూడు నెలల కిందట, శృంగవరపుకోట నుంచి కొడుకు వెంట కొండెక్కిన రాజులమ్మ ఆ సంగతిని ఒక్కపూటైనా మరవలేదు. ఇరుగుపొరుగు మాట్లాడుకునే ఒరియా ఆమెకు రాదు. టైడా రైల్వేస్టేషనులో పనిచేసే కొడుకు శివప్రసాద్ చీకటి పడితే గాని ఇల్లు చేరడు. మిగిలిన మనిషి కోడలొక్కతే. ఆమెతో మాట్లాడడమంటే దెబ్బలాడడమే.

ఆ ఉదయపు తగవు చిలుక గురించి. రామచిలుకను పెంచితే కేసవుతుందని, మాధవి నెల కిందట విశాఖ నుంచి కాకటీల్ అనే సీమ చిలుకను తెచ్చుకుంది. నెత్తిన పసుపుపచ్చ కుచ్చు, బుగ్గలమీద నారింజ బొట్లు.

"ఎచ్చగుంటాదని పొయ్యికాడ ఎడితే తీసీసినావేటి?"

"పొగ దానికి పడదత్తా. ఎన్నిసార్లు చెప్పాను? ఉప్పూ కారం తగలకూడదు, నీళ్లు పూటపూటా మార్చాలి, రాత్రి గుడ్డ కప్పాలి. అన్నీ రాసి పంజరానికే అంటించాను కదా!"

"అబ్బో! నా మొగుడున్నన్నాళ్లూ నాకే లేదు ఇంత వైబోగం. పిట్టకి ఉప్పులేని కూరలు, నాకేమో కారంపెట్టిన మాటలు."

"ఆ కారం నూరింది నువ్వే కదత్తా," అంటూ మాధవి బుట్ట తగిలించుకుని తోటలోకి పోయింది.

కోడలి అడుగుల చప్పుడు పూర్తిగా అణిగేదాకా రాజులమ్మ కదలలేదు. తరువాత పంజరం తలుపు తీసింది. చిలుక ఆమె మణికట్టు మీదికెక్కి, మెడ గోకమని తల వంచింది. కొండెక్కిన నాటినుంచి ఆమెను తనంతట తాను చేరవచ్చిన ప్రాణి అదొక్కటే. ఈ వేళకోసం తాను రోజూ పొద్దున్నుంచే ఎదురు చూస్తున్నట్టు ఎవరికీ తెలియనివ్వలేదు. పెరటి చెట్టున కోసి ముగ్గబెట్టిన బటర్‌ఫ్రూట్‌ను, వెన్నలాంటి ఆ అవకాడో పండును, వేళ్లతో మెదిపి ముక్కుకు అందించింది. ఉప్పు లేదు, కారం లేదు. కోడలి శాస్త్రానికి ఎక్కడా లోటు రానివ్వలేదు.

మరునాడు గుడ్డ తొలగించేసరికి చిలుక పంజరం అడుగున ఈకలు ఉబ్బించుకుని ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా తోక ఎగిరిపడుతోంది.

"ఏటి పెట్టావు దీనికి?"

"నానేటి ఎడతాను? నీ పిట్టని నాను ముట్టుకుంటానా? పీడ! పోతే పోనీ!"

మాధవి పశువైద్యుడికి ఫోను చేసింది. "ఏం తిన్నదో ముందు కనుక్కోమ్మా. అది తెలియకుండా నేనేం చెయ్యగలను?" అన్నాడాయన.

"నామీద తీరని పగ ఈ నోరులేని దానిమీద తీర్చుకున్నావు," అంది మాధవి.

ఆ మాట రాజులమ్మ మోయగలదు. పగదాన్ననిపించుకోవడం ఆమెకు కొత్త కాదు. పిడికెడంత పిట్టకోసం రోజూ కాచుకుని కూర్చుందని బయటపడడమే మోయలేనిది. పంజరంలో చిలుక ముక్కు తెరిచి గాలికోసం తడుముకుంది.

"బటర్‌ఫ్రూటు," అంది రాజులమ్మ. "కూసింతే. నా సేత్తోనే మెదిపి ఎట్టినాను. బాగా ముగ్గిందే సూసి ఎట్టినాను."

"అది దీనికి విషమత్తా! మొదటి వరుసలోనే రాశాను, ఎర్ర సిరాతో! కళ్లు కనబడవా నీకు?"

"కనబడ్డాది. ఎర్రగా ఉందని కనబడ్డాది. ఏటి రాసినావో నాకేటి తెలుస్తాది? నన్ను బడికి ఎవుడంపినాడు?"

మాధవి చూపు అత్త మొహం నుంచి కాగితం మీదికి పోయింది. ఫోనులో ఇంకా ఉన్న వైద్యుడి గొంతు తొందరపెట్టింది: వెచ్చగా కప్పండి, కుదుపు లేకుండా వెంటనే తీసుకురండి.

ఆటో ఘాట్‌రోడ్డు దిగుతున్నంతసేపూ చిలుకను పెట్టిన అట్టపెట్టె రాజులమ్మ ఒడిలోనే ఉంది. మలుపు మలుపుకీ ఆమె ఒళ్లు ఒరిగింది గాని పెట్టె ఒరగలేదు. మాధవి ఆ చేతులనే చూస్తూ కూర్చుంది.

రెండు రోజులు డాక్టరు దగ్గరే ఉంచారు. తిన్నది కొద్ది, అదేమిటో మరీ ఆలస్యం కాకముందే తెలిసింది కనుక దక్కిందన్నాడాయన. మూడోనాడు ఇల్లు చేరిన చిలుక కుచ్చు నిక్కించి రాజులమ్మ కేసి ఈల వేసింది. ఆమె మొహం పక్కకి తిప్పుకుంది.

మాధవి కాగితం ఊడదీసి వచ్చి అత్త పక్కన నేలమీద చతికిలబడింది. పైకి చదవసాగింది: బటర్‌ఫ్రూట్, చాక్లెట్, కాఫీగింజ పెట్టరాదు. ఈదురుగాలి తగలనివ్వరాదు. ఆఖరి వరుసకు వచ్చింది.

"ఒంటరిగా వదలరాదు. రోజూ దగ్గర కూర్చుని మాట్లాడాలి. లేకుంటే దిగులుతో తన ఈకలు తానే పీక్కు..."

చదువు అక్కడే ఆగింది. తన చేత్తో రాసుకున్న వాక్యమే. ఈ మూడు నెలల్లో తాను అత్త పక్కన కూర్చున్నది ఇదే మొదటిసారి.

"ఆ ముక్క నువ్వు రాయకపోయినా నాకు తెలుసే గుంటా," అంది రాజులమ్మ కరకుగానే. కొంగు మాత్రం కళ్లదాకా వెళ్లింది. "ఆగిపోనావేటి? మొదట్నించీ సదువు. ఏలెట్టి సూపిస్తూ సదువు."

మాధవి ఆమె చూపుడువేలు పట్టుకుని ఎర్ర అక్షరాలమీద ఆనించింది.