ఉప్పుదిబ్బ సెట్టులో వెనక తలుపు

ఫిల్మ్‌నగర్ బండల వెనక పల్లంలో వేసిన ఉప్పుదిబ్బ సెట్టుకి నెల తిరక్కుండానే చెడ్డపేరు వచ్చేసింది. చీకటి పడ్డాక అటు వెళ్లిన లైట్‌మన్‌కి చేపలపులుసు వాసన తగిలిందట. చేపలపులుసు ఎక్కడైనా ఉడుకుతుంది, అందులో వింతేముంది అంటారేమో. అక్కడ ఉన్నవి పద్నాలుగు ఉత్తుత్తి గుడిసెలు, లారీలతో పోయించిన ఇసుక, నీలంరంగు గుడ్డతో పరిచిన సముద్రం. అసలు సముద్రం మూడొందల కిలోమీటర్ల అవతల ఉంది.

వాసనతో పోతే బాగానే ఉండేది. కథలోని బుచ్చమ్మ గుడిసె తలుపు రాత్రిళ్లు నడవడం మొదలుపెట్టింది.

అది తాటాకు తడిక తలుపు. సాయంత్రం పేకప్ చెప్పేసరికి సముద్రం వైపే ఉంటుంది. తెల్లారి చూస్తే ఇంటి వెనక్కి వెళ్లి, బండల వైపు చూస్తూ ఉంటుంది. ముందు వాకిలికి తాటాకులు అడ్డం కట్టి ఉంటాయి. వడ్రంగులు మళ్లీ ముందుకి తెచ్చి బిగిస్తారు. పొద్దున్నే మళ్లీ వెనక... మూడోసారికి వాళ్లు ఆ గుడిసెకో దణ్ణం పెట్టి, ఇంక దానిమీద చెయ్యి వెయ్యం అన్నారు.

ఎందుకు భయపడరు? బుచ్చమ్మ నిజం మనిషి. పద్నాలుగేళ్ల కిందట, డెబ్బై ఏడు ఉప్పెనలో, అసలు ఉప్పుదిబ్బ ఊరితో పాటే పోయింది. సినిమా కథే అది. ఆ మాట చెప్పింది రచయిత సూర్యప్రకాశరావు. బుచ్చమ్మ ఆయన మేనత్త.

సూర్యప్రకాశరావు ఉప్పుదిబ్బలో పుట్టినప్పుడు సూరిగాడే. మద్రాసు వెళ్లాక ప్రకాశమూ, కథాచర్చల్లో కుర్చీ దొరికాక రావూ చేరాయి. మేనత్త పోయిన ఘట్టం చెప్పడంలో ఆయన్ని మించినవాడు లేడు. "చివరిదాకా నా పేరే పిలుస్తూ..." అని కళ్లద్దాలు తీసేవాడు. అక్కడికి ఎదుటివాళ్లు జేబురుమాలు తీసేవారు. అలా ఏడిపించి ఏడిపించి, పరిశ్రమతో పాటు హైదరాబాదు చేరి, చివరికి త్రినాథరావు అనే నిర్మాతని కూడా ఏడిపించాడు. సినిమా మొదట్లో 'యథార్థగాథ' అని ఒక కార్డు, దాని కింద 'కథ: సూర్యప్రకాశరావు' అని ఇంకో కార్డు. నలభై నాలుగేళ్ల వయసులో ఆయన పేరు తెరమీద పడబోవడం అదే మొదలు.

అంచేత తలుపు గొడవ విని త్రినాథరావు ఆయన్నే పిలిపించాడు.

"రచయితగారూ, ఎల్లుండి ఊరంతా నీళ్లలో ముంచాలి. ఆవిడకేదో తీరని కోరిక ఉన్నట్టుంది. మీ అత్తయ్యే కదండీ, మీరే వెళ్లి అడగండి."

"నేనాండీ?"

"మీ పేరే కదండీ పిలిచింది చివరిదాకా."

సూర్యప్రకాశరావు తలూపాడు. కాదనడానికి కావలసిన మాటలన్నీ ఆ ఘట్టానికే వాడేశాడు.

ఆ సాయంత్రం ఏడున్నరకి, కరెంటు పోయిన వేళ, వాచ్‌మన్ భిక్షం చేతిదీపం ఇచ్చి పల్లం అంచుదాకా తోడొచ్చాడు.

"ఇగ నేను రాను సార్. నా డ్యూటీ గేటు కాడ్నే."

"కాస్త దూరం రావయ్యా."

"ఆమె మీ అత్త సార్. నాకు ఏమైతది?"

ఇసుకలో చెప్పులు దిగబడుతున్నాయి. గుడ్డ సముద్రం గాలికి లేచి... పడి... లేచి... చప్పుడు చేస్తోంది. పగలు చూస్తే నవ్వొచ్చే సముద్రమే. రాత్రి దానికి అలలు వచ్చేశాయి.

సూర్యప్రకాశరావు ఆంజనేయ దండకం అందుకున్నాడు. నాలుగో పాదం దగ్గర మర్చిపోయి మళ్లీ మొదటికొచ్చాడు. సొంతంగా రెండు పాదాలు అల్లుకుంటే పోయేది. కానీ దేవుడి దగ్గర కల్పన పనికొస్తుందో లేదో తెలియదు.

అసలు భయం దయ్యం గురించి కాదు. ఉప్పెన వచ్చిన నాలుగోరోజున ఆయన మద్రాసు నుంచి బయల్దేరిన మాట నిజం. బందరు బస్టాండులో ఎవరో "ఉప్పుదిబ్బా? ఇంకేం ఉప్పుదిబ్బండీ" అంటే, అక్కడే బెంచీమీద కూర్చున్నాడు. మర్నాడు ఒక పెద్ద నిర్మాత దగ్గర కథాచర్చ ఉంది. సాయంత్రం బస్సుకి వెనక్కి వెళ్లిపోయాడు. శవం చూడలేదు. చూడ్డానికి వెళ్లనే లేదు.

ఆ సంగతి ఈ లోకంలో ఎవరికీ తెలియదు. పై లోకంలో మాత్రం... ఒకరికి తెలుసు.

వాసన తగిలింది. చింతపండు, వెల్లుల్లి, చేప. గుడిసె ముందు తాటాకులు అడ్డంగా ఉన్నాయి. వాటి సందుల్లోంచి ఎర్రటి వెలుగు.

కాళ్లు వెనక్కి తిరిగాయి. ఆయన మాత్రం ఇంకా ముందుకే చూస్తున్నాడు.

లోపల్నుంచి గొంతు వినిపించింది... మెల్లగా, బొంగురుగా.

"ఎనకనుంచి రారా సూరిగా."

పద్నాలుగేళ్లుగా ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. చేతిదీపం జారి ఇసుకలో పడి ఆరిపోయింది. పరిగెత్తుదామనే అనుకున్నాడు. ఆ గొంతు పిలిస్తే వెళ్లడం చిన్నప్పటి అలవాటు. వెళ్లకపోతే చీపురుకట్ట వచ్చేది.

గోడ పట్టుకుని వెనక్కి వెళ్లాడు. తడిక తలుపు తెరిచే ఉంది. మూడు రాళ్ల పొయ్యి ముందు ముసలామె కూర్చుని ఉంది. ఆయన మొహం చూడలేదు, పాదాలే చూశాడు. అవి ముందుకే ఉన్నాయి. మడమలు పగిలి ఉన్నాయి. దయ్యాలకి మడమలు పగలవని ఆయనకి ఎందుకో గట్టి నమ్మకం.

"అత్తా... నువ్వు... బతికున్నావా?"

"నువ్వే చెప్పాలి. ఊరందరికీ చెప్పింది నువ్వే కదా."

తుమ్మచెట్టు పట్టుకుని రెండు రోజులు ఉందట. తరవాత తాపీపని వాళ్ల వెంట హైదరాబాదు వచ్చి, యూసుఫ్‌గూడలో ఉంటోందట. సినిమాకి చేపలపల్లె ఆడవాళ్లు కావాలంటే గుంపులో తీసుకొచ్చారట.

"మొదటిరోజే, 'బుచ్చమ్మ పోయింది, అందరూ ఏడవండి' అన్నాడు డైరెక్టరు దగ్గర కుర్రాడు. ఏం చేస్తాను? నా చావుకి నేనే ఏడ్చాను. బాగా ఏడ్చానని ముందు వరసలో కూర్చోబెట్టారు."

"నన్ను పిలవొచ్చు కదే."

"నువ్వు నల్లకళ్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నావు. నీకు నామోషీ అవుద్దని ఊరుకున్నాను. ఇల్లు చూశాక మాత్రం కాళ్లు కదల్లేదు, రాత్రిళ్లు ఇక్కడే ఉండిపోతున్నాను. పొయ్యిచోటు అదే, ఉట్టిచోటు అదే. తలుపొక్కటే తప్పు, అందుకే వెనక్కి మార్చుకున్నాను. సముద్రం వైపు తలుపు పెడితే ఉప్పుగాలికి పొయ్యి నిలుస్తుందట్రా? మన ఊళ్లో ఏ ఇంటికైనా ఉందా?"

ఉందో లేదో సూర్యప్రకాశరావుకి గుర్తులేదు. కెమెరాకి బాగుంటుందని ముందుకి పెట్టించింది ఆయనే.

ఆమె పులుసు కలియబెట్టింది. మొహం ఎత్తకుండా అడిగింది.

"రాలేదేరా?"

నోటికొచ్చిన ఘట్టం ఉంది. కళ్లద్దాలు తీసే చోటు కూడా ఉంది. ఆయన చెయ్యి కళ్లద్దాల దాకా వెళ్లి ఆగిపోయింది.

"వచ్చానత్తా... బందరు బస్టాండు దాకా."

"అక్కడిదాకా వచ్చావా."

ఆమె పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసింది.

పల్లం గట్టుమీద నుంచి భిక్షం కేక వినిపించింది. "సారూ... ఉన్నరా? ఏమన్నది ఆమె? పెద్దసారుకి ఏం చెప్పాలె?"

బుచ్చమ్మ గొంతు తగ్గించింది. "పోయాననే చెప్పరా. శాంతించింది, ఇంక రాదని చెప్పు. తెల్లారేసరికి నేను యూసుఫ్‌గూడ పోతాను, మళ్లీ ఇటు రాను. నేను బతికున్నానంటే, అది నిజం కథ కాదని నీ పేరు తీసేస్తారటగా. గుంపులో అనుకుంటుంటే విన్నాను."

బుద్ధిగా చెప్పింది. చచ్చిపోవడం ఆవిడకి పెద్ద కష్టంగా ఉన్నట్టు లేదు. పద్నాలుగేళ్లు చచ్చే ఉంది కదా, సినిమా విడుదలయ్యేదాకా ఇంకొన్నాళ్లు ఉంటే ఏం పోయింది?

సూర్యప్రకాశరావుకి తెరమీద తన పేరు కనబడింది. తెల్లటి అక్షరాలు, వెనక అలలు. నిజం చెప్పాలంటే కాసేపు చూస్తూ కూర్చున్నాడు. అంత మంచివాడేమీ కాదు.

తరవాత లేచి, వెనక తలుపులోంచి బయటికొచ్చి, గట్టుకేసి అరిచాడు.

"భిక్షం, కిందికి రావయ్యా. మా అత్తని చూద్దువుగాని. బతికే ఉంది."

గట్టుమీద అడుగుల చప్పుడు వెనక్కి జరిగింది.

"గట్లనే అనిపిస్తది సార్."

"నిజమయ్యా. ఉప్పెనలో పోలేదు. నేను చూడకుండానే చెప్పాను. అబద్ధం నాదే. పెద్దసారుకి ఈ మాటే చెప్పు."

"గీ మాట మీతోటి ఆమెనే చెప్పిస్తున్నది సార్... మీరు ఫికర్ చెయ్యకుర్రి. పంతులును తోల్కొస్త."

బండల మీద పరుగు చప్పుడు దూరమై... దూరమై... గేటు దాటిపోయింది.

సూర్యప్రకాశరావు అటే చూస్తూ నిలబడ్డాడు. వెనకనుంచి బుచ్చమ్మ కంచం పెట్టిన చప్పుడు వినిపించింది.

"వచ్చి తినరా. ఆ పంతులు వస్తే ఆయనకీ చెబుదువుగాని... నీ మాట నమ్మాల్సినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు."