మేబెల్ చెప్పుకున్న పేరు

"నా మాట నన్ను చె... చెప్పనియ్యి మమ్మీ!"

ఎలీసబెతు నిర్ఘాంతపోయింది. పదిహేడేళ్ళ కూతురు తనమీద గొంతెత్తడం అదే మొదటిసారి! చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరమ్మ గారు పలకరించడానికి ఇంటికొచ్చి, "నీ పేరేంటమ్మా?" అని అడిగారు. పిల్ల పెదవులు బిగుసుకుపోయాయి. ఎప్పటిలాగే ఎలీసబెతు చప్పున, "మేబెల్ అండీ, ఇంటర్ చదువుతోంది" అని అందించింది. అంతే! ఆవిడ గేటు దాటగానే మేబెల్ ఇలా విరుచుకుపడింది.

"నేనేం తప్పు చేశాను తల్లీ!" ఎలీసబెతు కళ్ళు నిండిపోయాయి. మూడో ఏట పిల్లకు మాట తడబడిన నాటినుంచి బడిలో, బస్సులో, కొట్టు దగ్గర దాని నోరు తానే అయింది. ఒకసారి తోటి పిల్లలు వెక్కిరిస్తే ఏడుస్తూ వచ్చిన ఆ చిన్నిముఖం చూసి, తాను బతికుండగా ఎవరూ దీన్ని చూసి నవ్వకూడదని ఒట్టు పెట్టుకుంది. దానికి ఇదా ఫలితం!

మేబెల్ ఒక నోట్‌బుక్కు తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టింది. కార్ఖానా బస్తీలోని వాళ్ళ చర్చి యూత్ గ్రూపులో జనవరిలో ఒక్కొక్కరూ మూడు లక్ష్యాలు రాసుకున్నారు. జూలైలో, అంటే ఆ ఉదయమే, కూర్చుని ఎంతవరకు వచ్చామో చూసుకున్నారు. లెక్కల్లో మార్కులు పెంచుకోవడం, సండే స్కూలు పిల్లలకు పాటలు నేర్పడం... రెండూ అయ్యాయి. మూడోది, 'ఎవరి సాయం లేకుండా నా పేరు నేను చెప్పాలి.' పక్కనే, 'కాలేదు. మమ్మీ ముందే చెప్పేస్తుంది. నాకూ అదే హాయిగా ఉంటుంది.'

మర్నాడే ఎలీసబెతు యూత్ లీడరు యేసురాజు దగ్గరికి వెళ్ళి ఘొల్లుమంది.

"పరేషాన్ గాకుండ్రి ఆంటీ. మీరు మాట అందియ్యకుంటే చాలు. ఎంతసేపైనా సరే, జెర ఆగుండ్రి" అన్నాడతను. "డిసెంబర్ల యూత్ సండే నాడు అందరి ముందట మాట్లాడతా అంటున్నది మీ బిడ్డ."

భర్త జకర్యా ససేమిరా అన్నాడు. "నలుగురిలో నవ్వులపాలవుతుంది! నువ్వైనా వద్దని చెప్పవేం?"

"ఇన్నాళ్ళూ దాని నోటికి అడ్డంగా నిలబడింది నేనేనండీ... ఇక నిలబడను!"

చెప్పినంత తేలిక కాలేదు. బస్సులో కండక్టరు విసుక్కుంటూ "ఎక్కడికమ్మా?" అంటే, పిల్ల 'తి... తి...' దగ్గర చిక్కుకుంటే, 'తిరుమలగిరి' అన్న మాట నోటిదాకా వచ్చేది. కొంగు నోట్లో కుక్కుకునేది పిచ్చి తల్లి!

డిసెంబరు వచ్చింది. తెల్ల చీర కట్టుకుని మేబెల్ మైకు ముందు నిలబడింది.

"నా పేరు మే..."

ఆగిపోయింది. ముందు బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. జకర్యా లేవబోయాడు. ఎలీసబెతు అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎంతసేపు...! ప్రభువా, ఎంతసేపు!

"...మేబెల్."

ఆ తర్వాత కూడా పిల్ల చాలాసార్లు తడబడింది. కానీ దిగిపోలేదు. అనుకున్నవేమిటో, అయినవేమిటో, కానివేమిటో అన్నీ చెప్పింది. చివరికి తల్లివైపు చూసింది.

"మా మమ్మీ ఇన్నేళ్ళూ నా కోసం మా... మాట్లాడింది. ఈ ఐదు నెలలూ నా కోసం మాట్లాడకుండా ఉంది. రెండోదే తనకు ఎక్కువ క... కష్టం. నాకు తెలుసు మమ్మీ."

ఎలీసబెతు వెక్కి వెక్కి ఏడ్చింది. అన్ని కళ్ళూ తనమీదే ఉన్నా తల దించుకోలేదు. ఆ పిల్లను కన్నది తనే మరి!

ఆరాధన అయ్యాక చర్చి బయట జకర్యా ఎర్రబడ్డ కళ్ళతో కూతురి ముందుకొచ్చాడు. "వచ్చే ఏడాదికి ఏం రాసుకున్నావమ్మా?"

"లా... లా..."

తల్లీ తండ్రీ ఆ ఎండలో కదలకుండా నిలబడ్డారు. వెనక వస్తున్నవాళ్ళు పక్కనుంచి తప్పుకుని వెళ్ళారు.

"లాయర్ని అవుతాను డాడీ!" అంది మేబెల్.