ముప్పై శాతం నిజం

ఆ ఉదయం నాలుగో కథను, అందులో నిజమెంతో కొలిచే నిజమాపకంలో పెట్టి, వకుళ అంకె తేలేదాకా వేళ్ళతో బల్ల మీద తాళం వేసింది. పద్దెనిమిది. పచ్చదీపం వెలిగింది. ఎదురుగా కూర్చున్న ముసలాయన తనది కల్పనేనని సంతకం చేసి, పెళ్ళికొడుకులా సిగ్గుపడుతూ వెళ్ళాడు.

నెల్లూరు తీరానికి అవతల, నీళ్ళ మీద కట్టిన ఆ తేలే నగరంలో చట్టం సూటిగా ఉండేది. జంట విడిపోయిన ఏడాదికి ఇద్దరి తలల్లోంచీ ఆ జ్ఞాపకాలను తుడిచేస్తారు. కక్షలు తగ్గాలని పెట్టిన పద్ధతి అది, తగ్గాయి కూడా. గతాన్ని కథగా మార్చుకోగలిగిన వాళ్ళకు మాత్రం గాయం మానినట్టే లెక్క. వాళ్ళ జ్ఞాపకాలు వాళ్ళకే వదిలేస్తారు. కాకపోతే కథలో నిజం ముప్పై శాతం దాటకూడదు.

వకుళకు ఆ రోజే గడువు. సాయంత్రం ఐదు దాటితే సుధన్వతో గడిపిన మూడేళ్ళూ పోతాయి. దూరపు ఉప్పుపొలాల్లో పని దొరికిందని, ఇక తనకోసం చూడవద్దని రేవులో చెప్పి అతను పడవెక్కేశాడు. వకుళ నెలల తరబడి ఏడ్చింది. అయినా ఆ మూడేళ్ళను వదులుకోబుద్ధి కాలేదు. కడుపు పట్టుకుని నవ్విన రోజులూ వాటిలోనే ఉన్నాయి మరి.

ఉద్యోగుల కథలను వాళ్ళే కొలుచుకోకూడదు. అందుకని భోజనాల వేళ తన కథను పక్క బల్ల మస్తానమ్మకు ఇచ్చింది. తొంభై ఒకటి వచ్చింది. పేర్లు మార్చింది, పడవను రైలు చేసింది, సుధన్వకు మీసం పెట్టింది. ఎనభై తొమ్మిది.

మస్తానమ్మ కళ్ళజోడు సవరించుకుని కథంతా చదివింది.

"ఏంది పాపా, ఈ పిల్ల మొదట్నుంచీ చివరిదాకా స్టేషన్లోనే నిలబడి ఉండాది. కాళ్ళు నొయ్యలా దానికి?"

వకుళకు నవ్వాగలేదు. ఆ విడిపోవడం గురించి తను నవ్వడం అదే మొదటిసారి. ఏం చేయమంటావని అడిగితే, ముందు దాన్ని కదిలించమంది మస్తానమ్మ. ఆ అబ్బాయినీ మాట్లాడనివ్వమంది; కథ మొత్తంలో వాడి నోటికి రెండు మాటలకన్నా ఎక్కువ దక్కలేదట.

వకుళ మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి కథలో అమ్మాయి పొరపాటున వేరే రైలెక్కింది. పక్కనున్నామె బుట్టలోంచి పీతలు జారిపోతే బోగీ అంతా కాళ్ళు పైకెత్తుకుని కూర్చుంది. తర్వాతి స్టేషన్లో ఆ అబ్బాయి గొడుగు ఇవ్వడానికి ఎక్కి, పీతల మధ్యనే నిలబడి మాట్లాడాడు. ఈ ఉద్యోగం సంగతి మూడుసార్లు చెప్పబోయానన్నాడు. మూడుసార్లూ ఆమె కొత్తింటి కర్టెన్ల రంగు దగ్గరే ఆగిపోయిందన్నాడు.

వకుళ కలం ఆగింది. కాసేపటికి అమ్మాయి చేత బదులు చెప్పించింది: "నువ్వు చెప్తానే ఉన్నావు. నేనే వినలేదు."

నాలుగున్నరకు అంకె తేలింది. ఇరవై ఆరు. మస్తానమ్మ చప్పట్లు కొట్టినంత పని చేసింది. యంత్రం ఆ చివరి మాట కింద నీలిగీత గీసింది. పూర్తి కల్పన అని దానర్థం. నిజమే, అలాంటి మాట వకుళ ఎన్నడూ సుధన్వతో అనలేదు.

ఇక మిగిలింది ప్రమాణపత్రం. 'నీలిగీత ఉన్నచోట నిజం లేదు' అన్న వాక్యం కింద సంతకం పెడితే చాలు. వకుళ ఆ వాక్యాన్ని కొట్టేసి, పైన ఇలా రాసింది: 'జరగలేదు. అయినా నిజమే.'

"ఊరికే సంతకం పెట్టి పోరాదా పాపా?" అంది మస్తానమ్మ మెల్లగా. "మూడేళ్ళు పోతాయి."

"పెడితే ఈ ఒక్క మాటా అబద్ధమైపోద్దక్కా."

మస్తానమ్మ పత్రాన్ని అలాగే యంత్రంలో పెట్టేసింది. ఇరవై ఆరు తేలింది. వెంటనే తొంభై ఏడు. మళ్ళీ ఇరవై ఆరు. ఆ మాటను కల్పన కింద లెక్కేయాలో నిజం కింద లెక్కేయాలో యంత్రానికి తేలలేదు. పచ్చదీపం, ఎర్రదీపం ఒకేసారి వెలిగాయి. అంకె నిలబడేదాకా నగరంలో ఎవరి జ్ఞాపకాన్నీ తుడవకూడదన్నది యంత్రంలోనే ఉన్న కట్టడి. ఐదు దాటింది. తుడుపుగది తలుపులు వాటంతటవే మూతపడ్డాయి.

తమ కథలతో వరసలో నిలబడ్డవాళ్ళు ఏం జరిగిందని అడిగారు. వకుళ దాచకుండా చెప్పింది. ముందున్న నడివయసు ఆవిడ తన చేతిలోని ప్రమాణపత్రాన్ని ఒకసారి చదువుకుని, మరోసారి చదువుకుంది.

"ఆ కలం ఒకసారి ఇస్తారా అమ్మాయ్?" అంది.

వకుళ మూత తీసి మరీ ఇచ్చింది.